చెక్కుబందీ లేని దస్తావేజు

హ్యూస్టన్ నుంచి ఆరు గంటలు కారులో ప్రయాణించి న్యూ ఆర్లియన్స్ చేరింది అందరిలాగే ఫ్రెంచ్ క్వార్టర్ వీధులు చూడడానికే అయినా, నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం జాక్సన్ స్క్వేర్ అంచున ఉన్న కబిల్డో మేడ మీది గది. స్పెయిన్ పాలనలో నగరసభ కోసం కట్టిన ఆ భవనం ఇప్పుడు మ్యూజియం. లూసియానా ప్రాంతాన్ని (అది నేటి ఆ పేరు రాష్ట్రం కన్నా ఎన్నో రెట్లు పెద్దది) ఫ్రాన్స్ అమెరికాకు అప్పగిస్తూ 1803 డిసెంబరు 20న సంతకాలు చేసింది ఇక్కడే.

కిటికీలోంచి చూస్తే కింద చెట్లు, బొమ్మలు గీసి అమ్ముకునేవారు, గుర్రపుబగ్గీలు. ఆ రోజు ఆ మైదానంలో దించిన ఫ్రెంచ్ జెండాను ఎగరేసి అప్పటికి ఇరవై రోజులే అయింది. స్పెయిన్ 1800లోనే రహస్య ఒప్పందంతో ఈ ప్రాంతాన్ని ఫ్రాన్స్‌కు తిరిగి ఇచ్చినా, స్వాధీనం చేసింది 1803 నవంబరు 30న. పారిస్‌లో అమ్మకం కుదిరింది మాత్రం అదే ఏడాది ఏప్రిల్ 30న. అంటే చేతికి రాని భూమినే నెపోలియన్ అమ్మాడన్నమాట.

నిజానికి అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ దూతలు లివింగ్‌స్టన్, మన్రోలు అడగబోయింది ఈ రేవును, ఫ్లోరిడాలను మాత్రమే. ఎగువ రైతుల సరుకు ఇక్కడ దించుకునే హక్కును 1802లో స్పెయిన్ అధికారి రద్దు చేయడంతో వారికి మిసిసిపీ నది దారి మూసుకుపోయినట్లయింది. అటు నెపోలియన్, నేటి హైతీలో బానిసల తిరుగుబాటును అణచడానికి పంపిన సైన్యాన్ని యుద్ధానికీ ఎల్లో ఫీవర్‌కూ పోగొట్టుకుని, బ్రిటన్‌తో మళ్లీ పోరుకు సిద్ధమవుతూ, మొత్తం తీసుకొమ్మన్నాడు. దాదాపు 8,28,000 చదరపు మైళ్లు, కోటిన్నర డాలర్లు. చేతిలో అంత రొక్కం లేని అమెరికా చాలావరకు ఆరు శాతం వడ్డీ బాండ్లు రాసిచ్చింది. వాటిని కొని నెపోలియన్‌కు నగదు సమకూర్చినవారిలో లండన్‌కు చెందిన బేరింగ్స్ బ్యాంకు కూడా ఉండడం నన్ను నవ్వించింది.

చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దుల వివరం, లేని దస్తావేజును మన సబ్‌రిజిస్ట్రార్ వెనక్కి తిప్పి పంపుతాడు. ఈ ఒప్పందంలో హద్దులకు బదులు 1800 నాటి ఒప్పందపు మాటలే ఎత్తి రాశారు. స్పెయిన్‌తో ఆ తగవు 1819 దాకా తెగలేదు. అంతకన్నా పెద్ద లోపం, తరతరాలుగా ఆ నేల మీద ఉన్నవారిని ఎవరూ అడగకపోవడం. ఫ్రాన్స్ నిజంగా అమ్మింది, ఇతర ఐరోపా రాజ్యాలకంటే ముందుగా వారితో బేరమాడే హక్కును మాత్రమే. అందుకే ఓసేజ్ తెగ భూముల కోసం 1808లో అమెరికా మళ్లీ ఒప్పందానికి కూర్చోవలసి వచ్చింది.

అదే మ్యూజియంలో నెపోలియన్ మరణించాక ముఖం నుంచి తీసిన అచ్చుతో పోసిన కంచు ప్రతిమ ఒకటుంది. కళ్లు మూసి, బుగ్గలు లోపలికి పోయిన ఆ ముఖం ముందు ఒక తండ్రి పిల్లవాణ్ణి ఎత్తుకుని చూపిస్తుంటే, నేను పక్కకు జరిగి దారిచ్చాను.