లోరెట్టా ఫోర్డ్ పరిశోధన, నర్సుకున్న పరిధి

ఒక ఊరికి వైద్యం అందడం లేదంటే డాక్టరు లేరని, ఆసుపత్రి దూరమని అనుకుంటాం. ఆ ఊళ్లో ఇప్పటికే ఉన్న నర్సును ఏ పని చేయనిస్తున్నారు, ఏది చేయనివ్వడం లేదు అని అడిగిన ఆచార్యురాలు లోరెట్టా ఫోర్డ్. 2025 జనవరిలో 104 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసినప్పటి నుంచి, నర్సింగ్ పాఠాలు చెప్పే నాకు ఆమె గురించి రాయాలని ఉంది.

1920లో న్యూయార్క్‌లో పుట్టిన ఫోర్డ్, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో నర్సుగా పనిచేసి, తర్వాత కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ ప్రాంతంలో పబ్లిక్ హెల్త్ నర్సు అయ్యారు. డాక్టర్లు అరుదైన ఆ పల్లెల్లో పిల్లల ఎదుగుదల గమనించడం, టీకాలు వేయడం, తల్లుల సందేహాలు తీర్చడం, ఎవరిని డాక్టరు దగ్గరకు పంపాలో తేల్చుకోవడం వంటివి చాలావరకు నర్సుల మీదే పడేవి. కానీ అందుకు తగిన పై శిక్షణ గానీ, అధికారిక గుర్తింపు గానీ వారికి లేవు. 1961లో కొలరాడో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్న ఫోర్డ్, పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్‌తో కలిసి 1965లో అక్కడే తొలి నర్స్ ప్రాక్టీషనర్ (పై శిక్షణతో రోగిని తానే పరీక్షించి చికిత్స చేసే నర్సు) శిక్షణను ఆరంభించారు. వృద్ధులకూ పేదలకూ వైద్య ఖర్చు భరించే మెడికేర్, మెడికెయిడ్ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే కనుక, వైద్యం కోరి వచ్చేవారు పెరిగారు, చూసేవారు చాలలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆమెకు ఎదురైన వ్యతిరేకత. అది వైద్యుల నుంచే కాక, తోటి నర్సింగ్ అధ్యాపకుల నుంచీ వచ్చింది. నర్సును చిన్న డాక్టరుగా మారుస్తున్నారని వారి అభ్యంతరం. ఇది డాక్టరు పనిని పంచుకోవడం కాదని, పబ్లిక్ హెల్త్ నర్సింగ్‌కే కొనసాగింపని ఫోర్డ్ చివరిదాకా వాదించారు. ఆమెదే సరైన మాటని నా నమ్మకం. 1972లో రోచెస్టర్ విశ్వవిద్యాలయ నర్సింగ్ కళాశాలకు తొలి డీన్ అయ్యాక, బోధన, రోగి సేవ, పరిశోధన మూడూ ఒకే చోట సాగాలని పట్టుబట్టారు. నేడు అమెరికాలో 3.5 లక్షలకు పైగా నర్స్ ప్రాక్టీషనర్లు ఉన్నా, వారు స్వతంత్రంగా మందులు రాయవచ్చా లేదా అన్నది ఇప్పటికీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

మన దగ్గర 2018 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఉప కేంద్రాల్లో ఎంఎల్‌హెచ్‌పీలుగా, అంటే డాక్టరుకూ ఏఎన్‌ఎంకూ మధ్య స్థాయి ఆరోగ్య సేవకులుగా, బీఎస్సీ నర్సింగ్ చదివిన వారిని నియమిస్తున్నారు. బీపీ, షుగర్ పరీక్షలు, చిన్న జబ్బులకు మందులు వారి దగ్గరే దొరుకుతున్నాయి. అయినా మన ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌లలో ఎన్నో, ఒక పాఠానికి ముందూ తర్వాతా తల్లుల అవగాహన ఎన్ని మార్కులు పెరిగిందో కొలిచి ఆగిపోతున్నాయి. ఎంఎల్‌హెచ్‌పీ వచ్చాక ఊళ్లో షుగర్ మందు మధ్యలో మానేసేవారు తగ్గారా, ఉప కేంద్రం నుంచి పీహెచ్‌సీకి పంపిన మనిషి నిజంగా అక్కడికి చేరారా, చేరకపోతే అడ్డుపడింది బస్సా, కూలి పోతుందన్న భయమా అని నా విద్యార్థులు అడగాలని, ఈసారి థీసిస్ అంశాలు ఎంచుకునే ముందు వారిని ఉప కేంద్రాలకు పంపాలని నా కోరిక.