మా ఎస్టీపీలో జీవం పట్టేదాకా: నా అనుభవం

తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పని నా నెత్తిన పడేసరికి, సెల్లార్‌లోని ఎస్టీపీ, అంటే మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంటు, పేరుకే ఉంది. కట్టినవాళ్ళు బ్లోయర్ (ట్యాంకులోకి గాలి కొట్టే మిషను) తిప్పి చూపించి తాళాలు చేతిలో పెట్టి వెళ్ళారు. నీళ్ళు మాత్రం నల్లగా వచ్చి కుళ్ళిన గుడ్డు వాసన కొట్టేవి.

మాది 1980ల చివర్లో నార్వేలో పుట్టిన ఎంబీబీఆర్ పద్ధతి. ట్యాంకులో వేలకొద్దీ చిన్న ప్లాస్టిక్ చక్రాలుంటాయి. కింది నుంచి గాలి కొడుతుంటే అవి తిరుగుతాయి, వాటికి జిగురు పొరగా పట్టిన బ్యాక్టీరియా మురికిని తింటుంది. మా చక్రాలేమో తెల్లగా మెరుస్తూ నీళ్ళ పైనే గుంపుగా తేలుతున్నాయి. సరుకు నాసిరకమని కమిటీలో గొడవ. కొత్తగా చేరిన ఆపరేటర్, శ్రీకాళహస్తి కుర్రాడు, చూసి నవ్వాడు. "కొత్తవి తేలతాయి సార్. జిగురు పట్టినాకే మునిగి తిరుగుతాయి. ముందు తోడు వేయాల."

తోడంటే, బాగా నడుస్తున్న మరో ప్లాంటు నుంచి తెచ్చే స్లడ్జి, అంటే బ్యాక్టీరియా నిండిన బురద. ట్యాంకర్ వచ్చిన రోజు వీధంతా కంపు, ఫోన్లన్నీ నాకు. ఆ తర్వాత తెల్ల నురుగు పొంగి నేల మీదికొచ్చింది. సూక్ష్మజీవులు తక్కువగా, సబ్బు నీళ్ళు ఎక్కువగా ఉన్నన్నాళ్ళు అది మామూలేనట.

రాత్రిళ్ళు బ్లోయర్ ఆపితే బిల్లు తగ్గుతుందని ట్రెజరర్ గారి పట్టు. నీళ్ళలో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు తగ్గనివ్వకూడదని ఆపరేటర్ చెప్పాడు, నేనూ ఒప్పుకోలేదు. జనరేటర్ లైను కూడా ఇప్పించాను. అసలు పోరు బాత్రూం యాసిడ్‌తో. ఒక ఇంటి సీసాతో ఏం కాదు గానీ, పండగ ముందు అందరూ ఒకేసారి కడిగితే బ్యాక్టీరియా దెబ్బతింటుంది. లిఫ్టులో నోటీసు ఎవరు చదువుతారు? ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళతో నేరుగా మాట్లాడాను, పోసేది వాళ్ళే కదా.

కొన్ని వారాలకు ఒక చక్రం తీసి చూశాం. లోపలి గదుల్లో గోధుమరంగు జిగురు, బయటి అంచులు మాత్రం నున్నగా ఉన్నాయి. ఒకదానికొకటి రాసుకుంటాయి కాబట్టి బయట ఏదీ నిలవదు. వాసన తడిమట్టిలా మారింది, ల్యాబ్ రిపోర్టులో బీఓడీ (నీళ్ళలో మురికి ఎంతుందో చెప్పే కొలత) దిగింది. (మన దగ్గర ఆ పరీక్ష 27 డిగ్రీల్లో 3 రోజులు, చాలా దేశాల్లో 20 డిగ్రీల్లో 5 రోజులు. యూట్యూబ్ వీడియోల్లో అంకెలు చూసి టెన్షన్ పడకండి.)

అమ్మోనియా మాత్రం కదల్లేదు. మురికి తినే బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపవుతుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేది అంత తొందరగా పెరగదు, చలైతే మరీ మొండికేస్తుంది. మనల్ని మాడ్చే తిరుపతి ఎండ దానికి మేలే చేసింది. అమ్మోనియా తగ్గిన రిపోర్టు చేతికొచ్చాకే, శుభ్రమైన ఆ నీళ్ళను టాయిలెట్ల ఫ్లష్ లైనుకు కలిపాం. మూడో అంతస్తు పెద్దాయన మాత్రం ఇప్పటికీ తన మల్లె కుండీలకు బోరు నీళ్ళే పోస్తున్నారు.