సోఫా దిగని బామ్మర్ది ముప్ఫై మీటర్లలో నన్నెలా ఓడించాడు

బెంగళూరు వచ్చినప్పటి నుంచీ పరుగెత్తుతున్నాను, కబ్బన్ పార్కులో పది కిలోమీటర్లు ఆగకుండా లాగించేస్తాను. అలాంటి నన్ను, మారతహళ్లిలో మా ఇంట్లోనే ఉంటూ ఆఫీసు లేకపోతే సోఫా దిగని మా బామ్మర్ది అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ముప్ఫై మీటర్ల పందెంలో చిత్తుగా ఓడించాడు. "ఏం బావా, ఇంతేనా?" అని పైగా. మా ఆవిడ నవ్వు గురించి ఇక్కడ రాయను.

జిమ్‌లో అడిగితే ట్రైనర్ నన్ను ఎగాదిగా చూసి "మీది స్లో ట్విచ్ బాడీ సర్" అని తేల్చేశాడు, అంటే నా కండల్లో నిదానంగా బిగిసే ఫైబర్లే (సన్నటి కండ పోగులు) ఎక్కువని. నాకైతే ఒళ్లు మండింది. తొడలో ఏ రకం ఫైబర్లు ఎన్ని ఉన్నాయో తెలియాలంటే సూది దింపి చిన్న ముక్క తీసి పరీక్షించాలి, చూపుతో తేలేదా అది!

రకాలు అర్థం కావాలంటే చికెన్ కొట్టు చాలు. కోడి రోజంతా కాళ్ల మీదే తిరుగుతుంది, అందుకే ఆక్సిజన్ పట్టి ఉంచే మయోగ్లోబిన్ ఎక్కువై లెగ్ పీస్ రంగు ముదురు; రెక్కలు కొట్టి గోడెక్కేది కొన్ని సెకన్లే, బ్రెస్ట్ తెలుపు. మనలో మాత్రం అన్నీ ఒకే కండలో కలిసి ఉంటాయి: నిదానంగా, అలవకుండా పనిచేసే టైప్ 1, వేగంగా బిగిసే టైప్ 2ఎ, ఇంకా వేగంగా బిగిసి తొందరగా చేతులెత్తేసే టైప్ 2ఎక్స్. తమాషా ఏంటంటే బరువులైనా పరుగైనా సాధన మొదలుపెడితే 2ఎక్స్ ఫైబర్లు మెల్లగా 2ఎ వైపు మారతాయి, ఏ వ్యాయామమూ చెయ్యనివాళ్లలోనే 2ఎక్స్ వాటా ఎక్కువ. (సోఫా!) కానీ సాధనతో టైప్ 2 ఫైబర్లు లావెక్కుతాయి, లిఫ్టర్లకు ఆ లావుతోనే లాభం. టైప్ 1 కాస్తా టైప్ 2 అయిపోవడం మాత్రం పెద్దగా జరగదు.

నా తప్పు ఫైబర్లలో కాదు, వాటిని పిలిచే తీరులో ఉంది. నరాలు ఫైబర్లను గుంపులుగా పిలుస్తాయి, చిన్న గుంపులు ముందు, బలమైన పెద్ద గుంపులు ఆఖర్న. నా జాగింగ్‌లో ఆ ఆఖరి వాళ్లకు పిలుపే సరిగ్గా అందదు. పైగా పూర్తి బలం బయటికి రావడానికి సెకనులో మూడో వంతు దాకా పడుతుంది, మేటి స్ప్రింటర్ పాదం నేల మీద ఉండేదేమో సెకనులో పదో వంతు. అంటే ఎంత బలం ఉందన్నది కాదు, ఆ కాస్త టైంలో ఎంత బయటికొచ్చిందన్నదే లెక్క. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, ఆపైన తలపైకి) 130 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆ బరువులు నెమ్మదిగా ఎత్తితే లేచేవి కావు, బార్ పైకి లేచిన క్షణంలోనే దాని కిందికి దూరాలి.

నేనేమో ఆ వేగం కోసం చేసే జంప్స్ కూడా ఒళ్లంతా చెమట పట్టి కాళ్లు వణికేదాకా చేసేవాణ్ణి. అలిసిన కాలు నెమ్మదిగానే కదులుతుంది, అంటే ఇన్నాళ్లూ నేను సాధన చేసింది నెమ్మదినే. ఇప్పుడు వారానికి రెండు రోజులు, ఐదారు జంప్స్, ఆపైన ఇరవై మీటర్ల పరుగులు నాలుగు, ఒక్కోదానికి మధ్య రెండు మూడు నిమిషాలు ఊరికే నిలబడటం (కండకు అప్పటికప్పుడు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్ మళ్లీ నిండాలి కదా), వేగం తగ్గిందనిపిస్తే ఇంటికి. పార్కులో ఆంటీలు జాలిగా చూస్తున్నారు.

పోయిన ఆదివారం మళ్లీ పందెం పెట్టుకున్నాం. ఓడిపోయాను, ఈసారి అడుగు తేడాతో. ఏం చేస్తున్నావు బావా అని వాడు అడిగితే జంప్స్ సంగతి చెప్పాను గానీ 2ఎక్స్ గురించి నోరెత్తలేదు.