నుదురు, పెదవులు, గుర్రం గంటలు

బైబిలు ప్రవచనం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది రాబోయే సంగతులే. ఏ యుద్ధం ఏ వచనానికి నెరవేర్పు, అంత్యకాలం ఎంత దగ్గరపడింది, ఇవే. నేనూ కొన్నేళ్లు అలాగే చదివాను, నోటుబుక్కు నిండా బాణం గుర్తులు గీసుకుని మరీ. ప్రవక్తలకు అంతకంటే పెద్ద దిగులు ఒకటుందని, అది దేవుడి పరిశుద్ధమైన పేరు మన చేతుల్లో ఏమవుతోందన్న దిగులని చాలా ఆలస్యంగా అర్థమైంది.

బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 6వ అధ్యాయం, యూదా రాజైన ఉజ్జియా చనిపోయిన సంవత్సరం అంటూ మొదలవుతుంది. ఆ ముక్కని తేదీ అనుకుని దాటేసేవాణ్ణి. తర్వాత బైబిల్లోనే రాజుల చరిత్ర చెప్పే రెండవ దినవృత్తాంతములు 26 చదివాను. ఉజ్జియా పనికిమాలిన రాజేం కాదు, 16 ఏళ్లకే సింహాసనమెక్కి 52 ఏళ్లు ఏలాడు, బురుజులు కట్టించాడు, నీటి తొట్లు తవ్వించాడు, వ్యవసాయమంటే ఇష్టం కూడా. కానీ బాగా బలపడ్డాక గర్వం తలకెక్కి, మందిరంలో సేవ చేసే యాజకులు మాత్రమే వేయాల్సిన ధూపం తనే వేస్తానని ధూపార్తి పట్టుకుని మందిరంలోకి వెళ్లాడు. అజర్యా అనే యాజకుడు, వెంట మరో 80 మంది యాజకులు, ఎదురు నిలబడి బయటికి పొమ్మన్నారు. రాజు వాళ్ల మీద మండిపడుతుండగానే నుదుట కుష్ఠు లేచింది.

నుదుటే ఎందుకు? ప్రధాన యాజకుడి నుదుట బంగారు రేకు ఉండేది, దాని మీద యెహోవా (బైబిల్లో దేవుడి పేరు) పరిశుద్ధుడు అన్న మాట చెక్కి ఉండేది. ఆ మాట ఉండాల్సిన చోట ఈయనకు కుష్ఠు లేచింది. (బైబిలు ఈ రెండింటినీ కలిపి చెప్పదు, ఇది నా ఊహే. కానీ ఒకసారి తట్టాక మనసులోంచి పోవడం లేదు.)

ఇప్పుడు యెషయా దగ్గరికి రండి. సెరాపులనే రెక్కల దూతలు ముఖాలు కప్పుకుని పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు అని పాడుతుంటే విన్న ఆ మనిషి "నేను అపవిత్రమైన పెదవులు గలవాడను" అన్నాడు. లేవీయకాండం 13 ప్రకారం కుష్ఠరోగి పైపెదవి కప్పుకుని అపవిత్రుణ్ణి, అపవిత్రుణ్ణి అని కేక వేయాలి. యెషయా ఒంటి మీద మచ్చ లేదు, అయినా నోట్లోంచి వచ్చింది ఆ కేకే. అదీ పెదవుల గురించి! ప్రవక్తకు పెదవులే కదా పనిముట్లు.

నా పెదవుల సంగతి కూడా చెప్పేస్తాను. ఒకరోజు పొద్దున ఇంట్లో ఇంకా తల తుడుచుకుంటూనే, ఫోన్ చేసిన ఆఫీసు మిత్రుడితో "దారిలోనే ఉన్నానండీ, ట్రాఫిక్ బాగా ఉంది" అన్నాను. అరగంట ముందే వాట్సాప్ స్టేటస్‌లో యెహోవా పరిశుద్ధుడు అని పెట్టాను. ఆ మిత్రుడు క్రైస్తవ విశ్వాసి కాదు. ఆఫీసుకి వెళ్లాక నవ్వుతూ "ట్రాఫిక్‌లో గిన్నెల చప్పుడు కూడా వస్తుందా అండీ?" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 36 ఆ రాత్రి చదివితే ఇంకోలా తగిలింది. చెరలోకి వెళ్లిన ఇశ్రాయేలీయులను చూసి చుట్టుపక్కల జనం వీళ్లు యెహోవా ప్రజలట, అయినా ఆయన దేశం వదిలి రావాల్సి వచ్చింది అని చెప్పుకున్నారు, అలా ఆయన పేరు పాడైంది. దానికి దేవుడు, మీ కోసం కాదు, నా పరిశుద్ధ నామం కోసం పని మొదలుపెడుతున్నాను అంటాడు. మొదట చదివితే కటువుగా ఉంటుంది. కానీ నాలుగు వచనాలు దాటితే రాతిగుండె తీసేసి మాంసపు గుండె ఇస్తానన్న మాట ఉంది. పాడుచేసింది మనం, బాగుచేస్తానంటున్నది ఆయన. "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అని యేసు నేర్పిన ప్రార్థన నాకు అప్పటిదాకా స్తుతిలాగే వినిపించేది. అది ఆయన్ని అడుక్కోవడం.

మలాకీ ప్రవక్త అయితే మొహం మీదే అడుగుతాడు, కుంటి పశువును, జబ్బు పశువును బలికి తెస్తున్నారు, అదే మీ అధికారికి ఇచ్చి చూడండి, తీసుకుంటాడా అని. మేనేజరుకి పంపే మెయిలు మూడుసార్లు చదివి, రాత్రి ప్రార్థన సగంలోనే నిద్రపోయే నాకు దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఈమధ్య నేను పదే పదే తెరుస్తున్నది జెకర్యా ప్రవక్త గ్రంథం 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు. ఆ అధ్యాయాన్ని కూడా ఒకప్పుడు యుద్ధాల కోసమే చదివాను. ఆ దినాన గుర్రాలకు కట్టే గంటల మీద యెహోవాకు ప్రతిష్ఠితం అని రాసి ఉంటుందట, తెలుగులో వేరుగా ఉన్నా హెబ్రీలో ఇది ప్రధాన యాజకుడి నుదుటి మీది మాటేనన్నమాట. యెరూషలేములో, యూదాలో ప్రతి ఇంటి గిన్నె కూడా దేవునికి ప్రతిష్ఠితమేనట.

ఫోన్‌లో ఆ మిత్రుడికి వినిపించిన గిన్నెలు గుర్తొచ్చాయి. మర్నాడు వెళ్లి, ఆరోజు ఇంట్లోనే ఉన్నానండీ, అబద్ధం చెప్పాను అన్నాను. ఆయన "తెలుసు లెండి" అన్నాడు.