నీలం టోపీ

2025 నవంబర్ 1, శనివారం రాత్రి. పిట్స్‌బర్గ్‌లో నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌లో శనివారం రాత్రులు ఊపిరి సలపదు. ఆ రోజు మాత్రం పదకొండు దాటాక అత్యవసర విభాగం నుంచి రక్త నమూనాలు రావడం కాస్త తగ్గింది. అన్నం డబ్బా తీసుకుని విరామ గదికి వెళ్ళాను. నాతో పాటు ల్యాబ్‌లో పనిచేసే, ఈ ఊరివారే అయిన పెద్దాయన అప్పటికే టీవీ ముందు ఉన్నారు. టొరంటోలో బేస్‌బాల్ ఫైనల్స్ అయిన వరల్డ్ సిరీస్ ఏడో ఆట జరుగుతోంది. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఓటమి అంచు నుంచి తేరుకుని, పదకొండో ఇన్నింగ్స్‌లో 5–4తో గెలిచారు. వరుసగా రెండో ఏడాది కప్పు వాళ్ళదే.

మాటవరసకు అన్నాను: "మా అబ్బాయి పొద్దున్నే లేచి గంతులేస్తాడు. వాడికి డాడ్జర్స్ ఆటగాడు ఒహ్తానీ అంటే ప్రాణం. మొన్న పుట్టినరోజుకు డాడ్జర్స్ టోపీ కొన్నాను."

ఆయన టీవీ శబ్దం తగ్గించి నావైపు తిరిగారు. "మీ అబ్బాయి ఎక్కడ పుట్టాడు?"

"ఇక్కడే. ఈ ఆసుపత్రిలోనే."

"ఈ ఊళ్ళో పుట్టిన పిల్లవాడికి ఆ టోపీ కొనడానికి నీకు చేయి ఎలా వచ్చింది?"

నవ్వుతూ అన్న మాట కాదు అది. పదకొండేళ్ళలో ఆయన నన్ను గట్టిగా ఒక్క మాట అనడం అదే మొదటిసారి. నాకూ రోషం వచ్చింది. "మీ పైరేట్స్ జట్టు గెలవదు కదండీ. ఏడేళ్ళ పిల్లవాణ్ణి ఏటా ఏడిపించే టోపీ కొనమంటారా?" అన్నాను.

"మేము ఆటలు ఓడిపోవడం కాదు, మనుషులను పోగొట్టుకుంటున్నాం. మేము పెంచుతాం, ఎదిగాక డబ్బున్నవాడు తీసుకుపోతాడు. ఇది నీకు తెలియని సంగతేమీ కాదు కదా."

ఇంతలో నమూనాలు వచ్చాయని ఫోను మోగింది. ఇద్దరం లేచాం. తెల్లవారే దాకా యంత్రాల దగ్గర ఒకరి పక్కన ఒకరం పనిచేశాం, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆ చివరి వాక్యం నాతో పాటు ఇంటికి వచ్చింది. తెలియని సంగతేమీ కాదు కదా, అన్నారు. నా గురించే అన్నారా?

ఆ రాత్రి ఆయనకు జవాబు చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను. ఎవరికి చెప్పుకుంటున్నానో నాకే సరిగ్గా తెలియదు.

ముందు ఈ ఊరి సంగతి. పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్ళలో చాలామందికి పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి గుర్తుకొస్తుంది. ఇక్కడివాళ్ళకు మాత్రం నలుపు, పసుపు రంగులు గుర్తుకొస్తాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌కు స్టీలర్స్, ఐస్ హాకీకి పెంగ్విన్స్, బేస్‌బాల్‌కు పైరేట్స్. మూడు జట్లవీ అవే రంగులు, ఊరి జెండాదీ అవే రంగులు. ఒకే ఊరు, ఒకే జనం, ఒకే అభిమానం. అయినా ఫలితాలకు పొంతన లేదు. స్టీలర్స్ ఆరు సూపర్ బౌల్‌లు గెలిచారు. పెంగ్విన్స్ అయిదుసార్లు స్టాన్లీ కప్పు ఎత్తారు. పైరేట్స్ చివరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1979లో. 1993 నుంచి 2012 దాకా వరుసగా ఇరవై ఏళ్ళు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. అమెరికా పెద్ద లీగుల్లో మరే జట్టుకూ అంత పొడవైన చెడ్డకాలం రాలేదు.

పైరేట్స్‌కు ఆట రాదు, అంతే అని మొదట్లో నేను అనుకునేదాన్ని. తేడా ఆటలో లేదు, కట్టుబాట్లలో ఉందని ఈ ఊళ్ళో కొన్నేళ్ళు ఉన్నాకే తెలిసింది. ఫుట్‌బాల్ లీగులో దేశవ్యాప్త టీవీ ఒప్పందాల డబ్బు 32 జట్లకూ సమానంగా పంచుతారు. ఏ జట్టూ జీతాల మీద ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని 1994లో పరిమితి తెచ్చారు. అందుకే లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే అనే చిన్న ఊరి జట్టు న్యూయార్క్ జట్లతో తలెత్తుకుని ఆడుతుంది. హాకీలో ఆ పరిమితి కోసం యజమానులు 2004–05లో మొత్తం సీజన్‌నే పోగొట్టుకున్నారు. పరిమితి వచ్చిన 2005లోనే పెంగ్విన్స్‌కు సిడ్నీ క్రాస్బీ అనే కుర్రవాడు దొరికాడు. ఇరవై ఏళ్ళు గడిచినా అతను ఇంకా ఇక్కడే ఉన్నాడు.

బేస్‌బాల్‌లో ఆ పరిమితి లేదు. 1994లో యజమానులు తేవాలని చూస్తే ఆటగాళ్ళు ఆగస్టులో సమ్మె చేశారు, ఆ ఏడాది వరల్డ్ సిరీసే జరగలేదు. చివరికి మిగిలింది ఒక పన్ను: ఫలానా హద్దు దాటి జీతాలిస్తే అదనంగా కట్టాలి. డబ్బున్నవాడు కట్టేస్తాడు. 2024లో డాడ్జర్స్ కట్టిన ఆ పన్నే 10 కోట్ల 30 లక్షల డాలర్లు. ఆ ఏడాది పైరేట్స్ ఆటగాళ్ళందరి జీతాలు కలిపినా అంత లేదు. డాడ్జర్స్‌కు స్థానిక టీవీ ఒప్పందం నుంచే పాతికేళ్ళకు ఎనిమిది వందల కోట్ల డాలర్లకు పైగా వస్తాయి. మా వాడు ప్రాణం పెట్టుకున్న ఒహ్తానీకి పదేళ్ళకు 70 కోట్ల డాలర్లు రాశారు. అందులో 68 కోట్లు 2034 నుంచి ఇస్తారట! ఇప్పుడు గెలిచి, పదేళ్ళ తర్వాత డబ్బు చెల్లించడం అన్ని ఊళ్ళకూ సాధ్యమయ్యే పని కాదు.

ఇక పెద్దాయన చెప్పిన మనుషుల లెక్క. 1992లో బారీ బాండ్స్ అనే మేటి ఆటగాడు ఇక్కడి నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్ళిపోయాడు. ఆ మరుసటి ఏడాదే ఇరవై ఏళ్ళ చీకటి మొదలైంది. గెరిట్ కోల్‌ను 2011లో పైరేట్స్ తెచ్చుకున్నారు, తీర్చిదిద్దారు, 2018లో హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. 2019 చివర్లో న్యూయార్క్ యాంకీస్ అతనికి తొమ్మిదేళ్ళకు 32 కోట్ల 40 లక్షల డాలర్లు ఇచ్చారు. ఇప్పుడు పాల్ స్కీన్స్. 2025లో నేషనల్ లీగులో మేటి పిచ్చర్‌కు, అంటే బంతి విసిరేవాడికి, ఇచ్చే సై యంగ్ అవార్డు ఇతనిదే. తన పిచింగ్‌లో సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కు రెండు పరుగులు కూడా ఇవ్వని ఆ కుర్రవాడు ఆ ఏడాది పది గెలిచి పది ఓడాడు. తోడుగా పరుగులు తీసేవాళ్ళు లేరు. అతను ఇక్కడ కట్టుబడి ఉండాల్సింది 2029 వరకు. మా ఊళ్ళో జనం అతని ఆట చూస్తూనే వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెడుతుంటారు.

ఆ లెక్క నాకు తెలిసినంత బాగా ఇక్కడివాళ్ళకు కూడా తెలియదేమో. పెద్ద లీగులో అడుగుపెట్టిన ఆటగాడు ఆరేళ్ళ సర్వీసు పూర్తయ్యేదాకా జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్ళు దాదాపు జట్టు ఇచ్చిందే జీతం. తర్వాతి మూడేళ్ళు బేరం కుదరకపోతే మధ్యవర్తి తేలుస్తాడు. ఆరు నిండితేనే స్వేచ్ఛ. హెచ్-1బి మీద వచ్చిన మనకు మూడు, ఆపైన మూడు, మొత్తం ఆరు అనే ఈ అంకెలు కొత్తవా? ఆ ఆరేళ్ళూ యజమాని కాగితం మీద మన ఊపిరి. మారాలంటే ఇంకొక యజమాని దయతలచి మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. ఆరు తర్వాత ఆటగాడికి స్వేచ్ఛ వస్తుంది, మనకు మాత్రం యజమాని గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టి ఉంటే ఆ వరుసలో నిలబడి ఉండే వీలు దొరుకుతుంది. నేను ఇంకా ఆ వరుసలోనే ఉన్నాను.

అందుకే ఆటగాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 1975 చివర్లో మధ్యవర్తి తీర్పు వచ్చేదాకా ఈ దేశంలో బేస్‌బాల్ ఆటగాడు, జట్టే తనను వదిలేస్తే తప్ప, ఆ జట్టుకే కట్టుబడి ఉండేవాడు. ఎంత గొప్పవాడైనా ఇచ్చింది పుచ్చుకోవాలి, పంపిన చోటికి పోవాలి. ఆ సంకెళ్ళు తెంచుకున్నవాళ్ళు జీతాల పరిమితి అంటే ఉలిక్కిపడతారంటే నాకు అర్థమవుతుంది. మీ జీతాలకు హద్దు పెడితే ఆట బాగుపడుతుందని ఎవరైనా మా ల్యాబ్‌కు వచ్చి చెబితే నేనూ ఒప్పుకోను.

ఆదివారం నాన్నగారికి ఫోను చేసి ఈ గొడవంతా చెప్పాను. గుంటూరులో ఆయనకు బేస్‌బాల్ తెలియదు గానీ క్రికెట్ గురించి అడిగితే తేదీలతో సహా చెబుతారు.

"అంత పెద్ద దేశంలో ఆ మాత్రం ఏర్పాటు లేదా అమ్మా? మన ఐపీఎల్‌లో వేలానికి అందరి సంచీ ఒకటే కదా. డెక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున ఉండి 2009లో కప్పు కొట్టలేదూ?" అన్నారు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. రాత్రి పెద్దాయనకు ఈ మాట ఎందుకు చెప్పలేకపోయానా అనిపించింది. తొలి ఏడాది అన్నిటికంటే తక్కువ ధరకు అమ్ముడైన రాజస్థాన్ జట్టే మొదటి కప్పు గెలిచింది. టీవీ డబ్బు పంపకం, అందరికీ ఒకటే పరిమితి. ఈ పని మనవాళ్ళు మొదటి రోజే చేశారు. ఆ సాయంత్రమంతా ఈ గర్వంతోనే గడిపాను.

అయితే నాన్నగారు అక్కడితో ఆగలేదు. "ఆ చార్జర్సూ ఇప్పుడు లేరనుకో. మన గుంటూరు అబ్బాయి రాయుడు కూడా ముంబైకి, చెన్నైకి ఆడి కప్పులు గెలిచాడు గానీ మన ఆంధ్రకు రంజీ ఒక్కసారైనా వచ్చిందా?" అని, కాసేపాగి, "మంచి ఆటగాళ్ళు పుట్టే ఊరికీ, మంచి ఆటగాళ్ళు ఉండే ఊరికీ తేడా ఉంటుంది" అన్నారు. నన్ను ఉద్దేశించి అన్న మాట కాదని నాకు తెలుసు. ఆయన అలాంటి మనిషి కాదు. అయినా ఫోను పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే కూర్చున్నాను.

నేను చదివింది ప్రభుత్వ కళాశాలలో. ఏడాదికి మేము కట్టిన ఫీజు ఇప్పుడు మా అబ్బాయి టోపీ ఖరీదుకు దగ్గరగా ఉంటుంది. రక్తం చుక్కను గాజు పలక మీద పరచి చూడటం నేర్పిన మా మేడమ్ పదవీ విరమణ దాకా ఒకే సూక్ష్మదర్శినితో నెట్టుకొచ్చారు. నన్ను పెంచిన జట్టు అదీ. నేను ఎదిగాక వచ్చి ఆడుతున్నది ఇక్కడ. కోల్ యాంకీస్‌కు వెళ్ళినట్టే నేనూ వచ్చాను. ఎందుకు వచ్చానంటే అక్కడ ఖాళీలు నింపలేదు. మూడేళ్ళు కాంట్రాక్టు ఉద్యోగం, అందులోనూ నెలల తరబడి రాని జీతం. ఆ మాట పెద్దాయనకు చెప్పాలి. వెళ్ళినవాళ్ళను అనేముందు, ఉంచుకోవలసినవాళ్ళు ఏం చేశారో అడగాలి.

పైరేట్స్ విషయంలోనూ నా కోపం అక్కడే ఆగుతుంది. బేస్‌బాల్‌లో ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి నిధిలో వేస్తుంది. దాన్ని అందరికీ సమానంగా పంచుతారు. అంటే లాస్ ఏంజెలెస్ డబ్బు కొంత మాకూ వస్తుంది. వచ్చింది ఆటగాళ్ళ మీద ఇంత తప్పక ఖర్చు పెట్టాలనే నియమం మాత్రం లేదు. జీతాల పరిమితి అనే పైకప్పు లేకపోవడం గురించి అందరూ మాట్లాడతారు, కనీస ఖర్చు అనే నేల లేకపోవడం గురించి తక్కువమంది మాట్లాడతారు. జట్టును అమ్మేయమని ఇక్కడి జనం స్టేడియంలోనే కేకలు పెట్టారు. 2026 డిసెంబర్ 1న ఆటగాళ్ళతో లీగు ఒప్పందం ముగుస్తుంది, పరిమితి గొడవ మళ్ళీ మొదలవుతుందంటున్నారు. పరిమితి పెడితే దానితో పాటే కనీస ఖర్చు నియమమూ పెట్టాలి. లేకపోతే మిగిలేది యజమానికే, ఊరికి కాదు.

రెండు వారాల తర్వాత మళ్ళీ మా ఇద్దరికీ ఒకే రాత్రి డ్యూటీ పడింది. నేను చెప్పాలనుకున్నదంతా చెప్పాను, కాంట్రాక్టు ఉద్యోగంతో సహా. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. వాళ్ళ నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారట. 1980లలో అది మూతపడ్డాక ఆ వీధిలో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయట. "వెళ్ళినవాళ్ళ మీద మాకు కోపం లేదు. మెకచన్ గుర్తున్నాడా?" అని అడిగారు.

గుర్తులేకేం? ఆండ్రూ మెకచన్. 2013లో పైరేట్స్‌ను చీకటి నుంచి బయటికి తెచ్చినవాడు. 2018లో అతన్నీ పంపించేశారు. అయిదేళ్ళు వేరే ఊళ్ళు తిరిగి 2023లో వెనక్కి వచ్చాడు. ఏప్రిల్‌లో తొలిసారి ఇక్కడ బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు స్టేడియం అంతా లేచి నిలబడింది. చప్పట్లు ఆగకపోతే అతను హెల్మెట్ తీసి నిలబడిపోయాడు. ఆ రోజు మా వారు, నేను టీవీలో చూస్తూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

పెద్దాయన అలమర తెరిచి ఒక కాగితపు సంచి ఇచ్చారు. అందులో పసుపు అక్షరం ఉన్న నల్లటి పిల్లల టోపీ ఉంది. బాగా ఉతికిన గుడ్డ. లోపలి అంచు మీద ఇంకుతో రాసిన పేరు సగం చెరిగిపోయి ఉంది. వాళ్ళ అబ్బాయిదట. అతను ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటాడు, క్రిస్మస్‌కు వస్తాడు.

"నీలం టోపీ తీసేయమనను. ఇది కూడా ఇంట్లో ఉండనివ్వు" అన్నారు.

మా వాడు దాన్ని తలకు పెట్టుకుని, లోపలి పేరు కూడబలుక్కుని చదివి, ఆ పేరు పక్కన తన పేరు కూడా రాయమని పెన్ను తెచ్చిచ్చాడు. తెలుగులో రాయమంటావా, ఇంగ్లీషులో రాయమంటావా అని అడిగాను. రెండింట్లోనూ రాయమన్నాడు.