ఆరు బాటిళ్ల బరోలో: వగరు దిగే లెక్క

ఫిబ్రవరి 2020

మా ఇంట్లో ఆవకాయ కలిపిన మూడో రోజే జాడీ తెరిచి చాటుగా ముక్క తీసుకునేవాణ్ణి నేనే. అలాంటివాణ్ణి ఈ రోజు ఆరు బాటిళ్లు కొని, వెంటనే తాగకూడదని పేపర్ మీద రాసుకున్నాను. 2016 పంట, ఇటలీలోని సెర్రలుంగా దాల్బా ఊరి బరోలో అనే ఎర్ర వైన్, బాటిల్ 42 యూరోలు. ఆరూ ఒకే అట్టపెట్టె లోవి. ఒకే వైన్ ఏళ్లతో ఎలా మారుతుందో చూడాలంటే వేరే దారి లేదు.

2016 పంట షాపుకి 2020లో రావడం చూసి మొదట పాత స్టాకేమో అనుకున్నాను. కాదు, చట్టమే అంత. కోసిన ఏడాది నవంబర్ 1 నుంచి 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో ఉండాలి. రిసెర్వా అని లేబుల్ మీద వేసుకోవాలంటే 62 నెలలు. ద్రాక్ష ఒకటే రకం, నెబ్బియోలో. ఇంకోటి కలపకూడదు.

నేనుండే టురిన్‌లో పాత బిల్డింగుల్లో ఒక్కో ఫ్లాటుకీ నేలమాళిగలో చిన్న గది ఇస్తారు, కాంతీనా అంటారు. మాది ఒక నవారు మంచం పట్టేంత. బాటిళ్లు అక్కడే, పడుకోబెట్టి. బిరడా తడిగా ఉండాలి, ఎండితే గాలి దూరుతుంది.

ఏప్రిల్ 2020, మొదటి బాటిల్

లాక్‌డౌన్. ఆగడం నావల్ల కాలేదు.

గ్లాసులో పోయగానే నిరాశ. బలమైన వైన్ అంటే నల్లగా నేరేడు రసంలా ఉంటుందనుకున్నాను. ఇది దానిమ్మ గింజల రంగులో పల్చగా ఉంది, గ్లాసు వెనక పెట్టిన కరెంటు బిల్లు అంకెలు చదవగలిగాను. రంగు చూసి మోసపోయి పెద్ద గుటక వేశాను. పచ్చి వక్క కొరికినట్టు చిగుళ్లు పట్టేశాయి, నాలుక గరుకెక్కింది. మూడు వారాల క్రితం మామిడి పిందె దొరక్క పచ్చి ఆపిల్‌తో చేసుకున్న ఉగాది పచ్చడిలో ఏ రుచి తక్కువైందో, ఆ రుచంతా ఇందులో ఉంది.

వైన్ వాళ్లు దీన్ని టానిన్ అంటారు. మనకి అంతకంటే మంచి మాట ఉంది, వగరు. షడ్రుచుల్లో ఒకటి. ఇటాలియన్ కొలీగ్‌కి ఈ సంగతి చెబితే, వాళ్ల పట్టికలో ఇది రుచే కాదట, నోటికి తెలిసే స్పర్శ మాత్రమేనట. ఉగాది పచ్చడి తిన్నవాడికి చెప్పాల్సిన మాటా అది!

పొరపాటు: పక్కన గుంటూరు కారంతో కోడి వేపుడు పెట్టుకున్నాను. బాటిల్ మీద ఆల్కహాల్ 14.5 శాతం. ఆ మంటకి ఈ మంట తోడై, వగరు రెట్టింపై, చివరికి పెరుగన్నం దగ్గర తేలాను.

మంచి విషయం: సగం మిగిలితే బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. రెండో రోజు బాగుంది. మూడో రోజు ఇంకా బాగుంది, వాడిన గులాబీ దండ వాసన వచ్చింది. లేత బరోలో తాగక తప్పకపోతే ముందు రోజే తెరవాలి. ఇది నోట్స్‌లో ఎర్ర సిరాతో.

డిసెంబర్ 2020

పది యూరోల డిజిటల్ థర్మామీటర్ కొన్నాను, ఎక్కువ తక్కువలు గుర్తుంచుకునేది. జులైలో కొని ఉండాల్సింది, బద్ధకం. నేలమాళిగ వేసవిలో వేడెక్కుతుందేమోనన్నదే నా టెన్షన్. తీరా చూస్తే నవంబర్‌లో 18 ఉన్నది ఈ వారం 24! బయట మంచు పడుతోంది, లోపల హైదరాబాద్ జనవరి.

గోడ తడిమితే తెలిసింది. బిల్డింగ్ హీటింగ్ పైపు మా కాంతీనా వెనక గోడ పక్కనుంచే వెళ్తోంది, నా బాటిళ్లు సరిగ్గా దానికి ఆనుకుని ఉన్నాయి. అంటే కొన్నప్పటి చలికాలం చివర రెండు నెలలూ అక్కడే కాగాయన్నమాట.

చేసిన మార్పు: చేపల కొట్టులో అడిగితే మూతున్న థర్మోకోల్ పెట్టె ఊరికే ఇచ్చారు. వెనిగర్‌తో రెండుసార్లు కడిగి మూడు రోజులు ఆరబెట్టాను. తలుపు పక్క గోడ వారగా, నేల మీద పెట్టి బాటిళ్లు అందులోకి మార్చాను. పెట్టెలో ఇప్పుడు 14. తర్వాత చేర్చిన మాట: రెండేళ్ల లెక్క చూస్తే ఆగస్టులో ఎక్కువలో ఎక్కువ 20, జనవరిలో 13. 12 నుంచి 14 మధ్య ఉండాలంటారు కానీ ఆ కాస్త తేడాకి భయపడక్కర్లేదు. నెలల మీద నెమ్మదిగా మారితే వైన్ ఓర్చుకుంటుంది, రోజూ ఎక్కి దిగితేనే పాడవుతుంది. అందుకే ఫ్రిజ్ మీద, వంటగది అల్మరాలో పెట్టొద్దు.

అక్టోబర్ 2022

ఊరు చూడకుండా వైన్ దాచడం ఏమిటని సెర్రలుంగా వెళ్లాను. టురిన్ నుంచి అల్బా దాకా రైలు, గంట పైచిలుకు. అల్బా అంటే ఫెర్రెరో కంపెనీ ఊరు, న్యూటెల్లా పుట్టిన చోటు. చుట్టూ హేజెల్‌నట్ తోటలు ఎందుకున్నాయో అప్పుడర్థమైంది. ఎండ బాగా తగిలే వాలు ద్రాక్షకి, తగలనిది హేజెల్‌నట్‌కి. నెబ్బియోలో అందరికంటే ముందు చిగురించి అందరికంటే ఆలస్యంగా పండే చెట్టు, దానికి మంచి వాలే కావాలి. మామూలుగా అక్టోబర్‌లో కోస్తారు. అప్పటికి పొగమంచు దిగుతుంది, దాన్నే ఇక్కడ నెబ్బియా అంటారు, ద్రాక్ష పేరు దాన్నుంచే వచ్చిందని చాలామంది మాట. ఈసారి కరువు వల్ల కోత ముందే అయిపోయింది, నాకు ఆకులే మిగిలాయి.

తోట గట్టు మీద ఒక పెళ్ల తీసి చూశాను. మా తెనాలి వైపు నల్లరేగడికి అలవాటైన కళ్లకి అది మన్నులా లేదు. బూడిద తెలుపు, సున్నం కలిసిన బంకమన్ను. గోటితో గీస్తే ముగ్గు పిండిలా రాలింది, లోపల మాత్రం గట్టి. ఈ నేల ఒకప్పుడు సముద్రం అడుగు. బరోలో పేరు పెట్టుకోగల 11 ఊళ్లలో తూర్పున ఉన్న సెర్రలుంగా, మోన్‌ఫోర్తె వైపు మన్ను పాతది, గట్టిది. పడమర లా మొర్రా, బరోలో ఊళ్ల వైపుది కొత్తది, కాస్త సారం ఎక్కువ. అందుకే లా మొర్రా వైన్ త్వరగా మెత్తబడుతుందని, సెర్రలుంగాది ఏళ్లు పట్టిస్తుందని చెబుతారు. నేను తెలియక మొండి ఊరిదే కొన్నాను.

ఒక చిన్న వైనరీలో పీపాలు చూపించారు. మనిషి లోపల నిలబడగలిగేంత పెద్దవి, క్రొయేషియాలోని స్లావోనియా ఓక్ చెక్కవి. 1980లలో ఇక్కడ ఇళ్లలోనే గొడవలయ్యాయి. తొక్కలు వారాల తరబడి రసంలో ఉంచి పెద్ద పీపాల్లో పోసే పాత పద్ధతి వద్దని, కొత్త తరం చిన్న ఫ్రెంచ్ పీపాలు తెచ్చింది. ఎలియో ఆల్తారె అయితే తండ్రి పీపాల మీదికి రంపమే ఎత్తాడు. ఎదురుగా పాత పద్ధతి వైపు నిలబడ్డ బార్తోలో మస్కరెల్లో, చిన్న పీపాలూ వద్దు, రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ కూడా వద్దు అని లేబుల్ మీదే రాశాడు. ఇప్పుడు చాలామంది రెండింటి మధ్యలో ఉన్నారు. నాకు పాత పద్ధతే ఇష్టం. చిన్న పీపాల్లో పెట్టినవి తాగితే వనిల్లా ఐస్‌క్రీమ్ ముందొస్తుంది, గులాబీ తర్వాతొస్తుంది.

నవంబర్ 2022, రెండో బాటిల్

మూగబోయింది. వేరే మాట లేదు. మొదటి బాటిల్‌లో మూడో రోజు వచ్చిన గులాబీ కూడా లేదు. పులుపు, వగరు, అంతే. పైపు పక్కన కాగిన రోజులు గుర్తొచ్చి గుండె జారింది. అదే వారం 2016 పంటే లా మొర్రాది ఒకటి కొని తెరిస్తే అది హాయిగా మాట్లాడింది. మంచి బరోలోలు మధ్యలో కొన్నేళ్లు ఇలా ముడుచుకుంటాయని షాపులో పెద్దాయన చెప్పాడు. నమ్మడం తప్ప చేసేదేం లేదు.

తిండి ఈసారి కుదిరింది: ముద్దపప్పు, నెయ్యి, మిరియాలు తక్కువేసి రెండు గంటలు ఉడికించిన మటన్. వగరుని కొవ్వు లాగేసుకుంటుంది.

ఫిబ్రవరి 2024, మూడో బాటిల్

పోయింది. బిరడా తీయగానే తడిసిన అట్టపెట్టె వాసన. గాలి తగిలితే పోతుందేమోనని రెండు గంటలు చూశాను, ఇంకా ఎక్కువైంది. ఇది బిరడా నుంచి వచ్చే టీసీఏ అనే రసాయనం పని, నా దాపుడిది తప్పు కాదు. నాలుగేళ్ల కిందటి బిల్లు పట్టుకుని ఎక్కడికి వెళ్తాం? సింకులో పోశాను. ఎదురు చూడ్డమంటే ఆరు కొనాలి, రెండు కొంటే ఇలాంటి రోజున ఏడుపే.

నవంబర్ 2025, నాలుగో బాటిల్

గుంటూరు నుంచి అక్కా బావా వచ్చారు. రెండు రోజుల ముందే బాటిల్ నిలబెట్టాను, మడ్డి అడుగుకి దిగాలని. తెరిచాక గంజి వంచినంత ఓపికగా వంచాలి. ఒక చేత్తో బాటిల్, మెడ కింద ఫోన్ టార్చ్. మొదట తేటగా వచ్చింది. చివర రెండు వేళ్ల మందం మిగిలినప్పుడు మెడలో నల్లటి పొగలాంటిది కదిలింది, అక్కడ ఆపేశాను. ఆ మడ్డే పోయిన వగరు. ఏళ్లు గడిచేకొద్దీ వగరు కణాలు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, రంగుతో సహా కిందికి దిగిపోతాయి.

"ఏంట్రా, ఇది తాగడానికా, పరీక్ష చేయడానికా?" అన్నాడు బావ.

"రెండు గంటలు ఆగు బావా, ఐదేళ్లు ఆగాను."

"ఐస్ ఉందా?"

అక్క నా మొహం చూసి ఐస్ ట్రే మళ్లీ లోపల పెట్టేసింది. 18 డిగ్రీల దగ్గర పోశాను. గ్లాసు అంచున ఇటుక రంగు మొదలైంది. వాసనకి ఎండు గులాబీ, దాని వెనక ఎండలో కొత్త తారు రోడ్డు, ఇంకా వెనక కొంచెం లవంగం. నోట్లో వగరు ఉంది, కానీ పచ్చి వక్క కాదు, బాగా మాగిన నేరేడు. మింగాక కూడా నిమిషం పాటు వాసన పోలేదు. బావ రెండో గ్లాసు అడిగాడు, ఐస్ మాటెత్తలేదు. అక్క మాత్రం ఒక గుక్క తాగి, "కరక్కాయ నమిలినట్టుంది, దీనికి 42 యూరోలా" అంది.

మిగిలినవి రెండు. వాటిని తెరిచేనాటికి బిరడాలు బాగా పాతబడతాయి కాబట్టి మరమేకులా దిగే ఓపెనర్ బదులు, పక్కలనుంచి దూరే రెండు రేకుల బిరడా తీసేది తెప్పించాను. ఐదోది 2029లో. ఆరోది ఎప్పుడో రాయడం లేదు, రాస్తే ముందే తెరుస్తాను. ఇవాళ పెట్టెలో 15.1. హీటింగ్ మొన్ననే వేశారు, పైపు పక్క గోడ మళ్లీ వెచ్చగా ఉంది.