ఉండు, మీ టీచర్‌కు చెప్త!

బడి తెరిచే జూన్ 12 దగ్గరపడే కొద్దీ నా ఫోన్ మోగడం ఎక్కువవుతుంది. బంధువులు, పాత విద్యార్థుల తల్లులు, ఎప్పుడో ఏదో పెళ్లిలో నంబర్ తీసుకున్నవాళ్లు. అందరి బాధా ఒకటే, పిల్లాడు కొంతకాలంగా ఇంట్లోనే చదువుకుంటున్నాడు, ఇప్పుడు బడికి పొమ్మంటే ససేమిరా అంటున్నాడు. కారణాలు మాత్రం రకరకాలు. ఒకరికి ఆపరేషన్ అయి నెలల తరబడి మంచం, ఒకరి నాన్నకు బదిలీ మీద బదిలీ, ఇంకొకరు వీడియోలు చూసి మేమే చదువు చెప్పుకుంటామని మొదలుపెట్టి మధ్యలో చేతులెత్తేశారు (వాళ్లను ఏమీ అనను, ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు పిల్లలకు ఇంట్లో పాఠాలు చెప్పడమంటే మాటలా). ఫోన్‌లో అందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే లింక్ పంపించొచ్చు కదా అని కూర్చున్నాను.

నేను నల్గొండ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. ఈ విషయంలో నాకు తెలిసిందంతా కరోనా తర్వాత బడి తెరిచినప్పుడు పిల్లల దగ్గర నేర్చుకున్నదే. చాలామందికి గుర్తుండదు గానీ, 2020 మార్చిలో మూసిన బడి తెలంగాణలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు మళ్లీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న. మధ్యలో ఫిబ్రవరిలో పెద్ద తరగతులకు కొన్నాళ్లు నడిపి మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు, చిన్నవాళ్లకు ఆ కొన్నాళ్లూ లేవు. ఆంధ్రలో 2021 ఫిబ్రవరిలోనే ప్రాథమిక తరగతులు కూడా మొదలై ఏప్రిల్ మూడో వారం దాకా నడిచాయి, అదైనా నయం. మాకు టీవీలో, ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చేవి, కానీ అవి కూడా మూడో తరగతి నుంచి పైకే. అంటే 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్ల, ఏ పరీక్షా లేకుండా పై క్లాసుకు వెళ్లిపోయి, మొట్టమొదటిసారి బడి గడప తొక్కేనాటికి రెండో తరగతి! ఆ బ్యాచ్‌కు చెప్పిన అనుభవం ఉన్న ఏ టీచర్నైనా అడగండి, ఒక నిట్టూర్పు విడిచి తర్వాత మాట్లాడతారు.

సరే, అసలు సంగతి. మీ ఇంట్లో ఈ డైలాగ్ ఉంటే ఇవాళే ఆపెయ్యండి: "ఉండు, బడి తెరవనీ, మీ టీచర్‌కు చెప్త." అన్నం తినకపోతే టీచర్‌కు చెప్త, ఫోన్ ఇవ్వకపోతే టీచర్‌కు చెప్త, చెల్లిని కొడితే మీ టీచర్ తోలు తీస్తది. బడి రోజూ నడుస్తున్నప్పుడు ఈ బెదిరింపు వల్ల పెద్దగా పోయేదేమీ లేదు, ఎందుకంటే పొద్దున్నే వెళ్లేసరికి ఆ టీచరే నవ్వుతూ పలకరిస్తుంది, అమ్మ చెప్పినదంతా ఉత్తదే అని పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. నెలల తరబడి బడి మొహమే చూడని పిల్లకు రోజుకు నాలుగుసార్లు ఇదే వినపడితే మాత్రం బడి అంటే పోలీస్ స్టేషన్ అయి కూర్చుంటుంది.

2021లో ఒక పాప వాళ్ల నాయనమ్మ కొంగు పట్టుకుని గేటు దగ్గరే ఆగిపోయింది. నేను వెళ్లి "పేరేంది బిడ్డా" అన్నానో లేదో ఏడుపు అందుకుంది. పైగా నా మొహానికి మాస్కు ఒకటి, నవ్వినా కనపడి చావదు. నాయనమ్మ పాపం నాకు సాయం చేద్దామనుకుని, "ఏడ్వకు, ఏడిస్తే సూది ఏస్తది టీచరమ్మ" అంది. అసలే ఊళ్లో టీకాలు వేస్తున్న రోజులు. ఇంకేముంది, ఆ పిల్ల నా చేతిలో రెడ్ పెన్ను చూసినా వెనక్కి జరిగేది. చివరికి నాయనమ్మనే క్లాసులో కూర్చోబెట్టాను. ఆమె చాటలో బియ్యం వేసుకుని వచ్చి రాళ్లు ఏరుకుంటూ కూర్చునేది, పిల్ల ఆమె పక్కన. తర్వాత తర్వాత వరండాలోకి, అక్కణ్నుంచి గేటు దగ్గరికి, ఆ తర్వాత ఇంటికి. పిల్ల కంటే నాయనమ్మకే బడి మానడం కష్టమైంది, అది వేరే సంగతి.

మీ పిల్లల బడిలో ఇలా కూర్చోనివ్వకపోవచ్చు, ప్రైవేటు బడుల్లో గేటు దాటనివ్వరు కూడా. అలాంటప్పుడు తెరవడానికి ముందే ఒకరోజు తీసుకెళ్లి ఖాళీ బడి చూపించండి. టీచర్లు ముందుగానే వస్తారు, పిల్లల్ని బడిలో చేర్పించడానికి బడిబాట అని ఊళ్లో తిరుగుతూనే ఉంటారు, ఒక్క ఐదు నిమిషాలు పిల్లను కూర్చోబెట్టి మాట్లాడమంటే కాదనరు. బాత్రూమ్ ఎక్కడుందో, నీళ్లు ఎక్కడ తాగాలో కచ్చితంగా చూపించండి. ఇది చిన్న విషయం అనుకుంటారు గానీ, ఆడపిల్లలు అడగడానికి సిగ్గుపడి పొద్దంతా నీళ్లు తాగకుండా, ఒంటికి పోకుండా బిగబట్టుకుని కూర్చుని, మర్నాడు కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టిన సందర్భాలు ఎన్ని చూశానో. పొద్దున్నే వచ్చే కడుపునొప్పి గురించి ఇంకొక మాట. అది ఆదివారం కూడా వస్తోందా చూడండి. వస్తే డాక్టర్ దగ్గరికి. ఆదివారం మాయమైపోతే, నటిస్తున్నావని తిట్టడానికి ముందు బడిలో ఏం జరుగుతోందో మెల్లగా రాబట్టండి, ఎందుకంటే ఆ నొప్పి చాలాసార్లు నిజంగానే ఉంటుంది.

ఇక టైమ్. ఇంట్లో చదువుకున్న పిల్లలకు చదువు వచ్చినా రాకపోయినా గడియారం మాత్రం మర్చిపోతారు. ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు తినడం, పది దాకా పడుకోవడం, రాత్రి పన్నెండు దాకా ఫోన్. బడి తెరిచిన కొత్తల్లో మధ్యాహ్న భోజనం అయ్యాక నా క్లాసు సగం బల్లల మీద తలలు వాల్చి నిద్రపోయేది. లేపితే ఏ లోకంలో ఉన్నామో తెలియనట్టు చూసేవాళ్లు. బడికి రెండు వారాల ముందు నుంచే రోజూ కొంచెం కొంచెంగా నిద్ర ముందుకు జరపండి, ఒక్కసారిగా జూన్ 11 రాత్రి తొమ్మిదింటికి లైటు ఆర్పేస్తే ఎవరికి నిద్ర పడుతుంది, పెద్దవాళ్లకైనా పడుతుందా? అన్నం కూడా బడిలో పెట్టే వేళకే పెట్టండి. టిఫిన్ బాక్సు మూత వాడే తీసుకోవాలి, చెప్పులు వాడే వేసుకోవాలి, ప్లేటు వాడే కడుక్కోవాలి. ఇంట్లో అన్నీ అమ్మ చేసి పెట్టిన పిల్లాడు బడిలో నీళ్ల బాటిల్ మూత రాక దాహంతో కూర్చుంటాడు, అడగడు.

రాత గురించి. కరోనా రోజుల్లో వాట్సాప్‌లో హోంవర్క్ ఫొటోలు పెట్టేవాళ్లు, అబ్బ, ఏం అక్షరాలు, ముత్యాలే! బడికి వచ్చాక తెలిసింది అవి అక్కవో, అమ్మవో, ఒకరిద్దరివి అయితే ట్యూషన్ అన్నవి. పిల్లలకు మాత్రం రెండు లైన్లు రాసేసరికి "చెయ్యి నొస్తుంది టీచర్". వేళ్లలో బలం లేదు. కొందరు గాలికి రాసినట్టు కనీకనపడకుండా రాసేవాళ్లు, కొందరు కాగితం చిరిగేంత గట్టిగా నొక్కేవాళ్లు. ఇలాంటి పిల్లలకు నాలుగు గీతల పుస్తకం ఇచ్చి పేజీలకు పేజీలు రాయించడం శిక్ష తప్ప ఇంకేం కాదు. మేం పలకలు తెప్పించాం, బలపాలు ఇచ్చాం, చింతగింజలతో వామనగుంటలు ఆడించాం. ఒక్కో గింజ వేళ్లతో తీసి గుంటలో వెయ్యాలి కాబట్టి వేళ్లూ కదులుతాయి, లెక్కా నడుస్తుంది. ఇంట్లో అయితే పల్లీలు ఒలిపించండి, చిక్కుడుకాయ ఈనె తీయించండి, చపాతీ పిండి చేతికి ఇవ్వండి. ఖర్చు లేదు, యాప్ అక్కర్లేదు.

తల్లిదండ్రులు ఎక్కువ టెన్షన్ పడేది మాత్రం సిలబస్ గురించే. "ఐదో తరగతి బుక్స్ ముందే కొనేశాం టీచర్, రెండు పాఠాలు అయిపోయాయి కూడా." వద్దమ్మా. ముందు వాడు ఎక్కడున్నాడో చూడండి. రిజిస్టర్‌లో ఐదో తరగతి అని రాసి ఉన్నంత మాత్రాన పిల్లాడు ఐదో తరగతిలో ఉన్నట్టు కాదు. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5 శాతానికి పడిపోయారు. తెలంగాణలో అయితే 18.1 నుంచి 5.2. చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది గానీ క్లాసులో ఉన్న మాకు అందులో ఆశ్చర్యపోయేదేమీ కనపడలేదు. ఆ ఏడాదే ఆగస్టు 15న మా ప్రభుత్వం తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టి, ఐదో తరగతి దాకా చదవడం, రాయడం, లెక్కలు మొదటి నుంచి గట్టి చెయ్యమంది. ఆలోచన మంచిదే, ఫార్మాట్లు నింపడానికే పొద్దు చాలేది కాదు, దాని గురించి ఎత్తితే ఈ పోస్టు ఇంకో దారి పడుతుంది.

ఇంట్లో మీరు చెయ్యగలిగింది తేలికైనది. కింది తరగతి తెలుగు పుస్తకంలోంచి ఒక చిన్న పేరా తీసి పక్కన కూర్చుని చదివించండి. తప్పులు దిద్దకండి, వినండి. గుణింతాల దగ్గర ఆగుతున్నాడా, ఒత్తుల దగ్గరా? 'అమ్మ', 'అక్క' గడగడా చదివేసి 'వస్త్రం' దగ్గర బండి ఆగిపోయిందంటే ఒత్తుల మీద పని చేయించాలి. 'కి'కి 'కీ'కి తేడా తెలియట్లేదంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. వెళ్లండి, ఏం కాదు. రెండు నెలలు వెనక్కి వెళ్లి గట్టిపడిన పిల్లలు దసరా సెలవులకల్లా అందుకున్నారు, ముందుకు తోసినవాళ్లే పదో తరగతి దాకా కుంటుతున్నారు. పిల్లాడు ఇలా వెనకబడ్డ విషయాన్ని మాత్రం చుట్టాల ముందు, పక్కింటివాళ్ల ముందు చెప్పకండి, దయచేసి.

ఇంట్లో ఉన్నన్నాళ్లూ పిల్లలు ఏమీ నేర్చుకోలేదనుకోవడం కూడా సరికాదు. నా దగ్గరికి ఒక నాలుగో తరగతి పిల్లాడు పత్తి చేల నుంచి నేరుగా బడికి వచ్చాడు. వాళ్లమ్మతో పాటు పత్తి ఏరడానికి పోయేవాడట. (నాలుగో తరగతి పిల్లాడు పత్తి ఏరడం ఏమిటని మీకు కోపం రావచ్చు, నాకూ వచ్చింది, ఆ ఏడాది మా ఊళ్లో చాలా ఇళ్లల్లో అదే పరిస్థితి.) అమ్మ 42 కిలోలు, నువ్వు 18 కిలోలు, కిలోకు 8 రూపాయలైతే ఎంత వస్తుంది రా అని అడిగాను. రెప్ప కూడా వెయ్యకుండా "నాలుగు వందల ఎనభై" అన్నాడు. సరే అని బోర్డు మీద 42, దాని కింద 18 వేసి కూడమంటే 510 రాశాడు. ఒకట్ల కింద పది, పదుల కింద ఐదు, రెండూ పక్కపక్కన. నేనేమీ అనలేదు. "ఎన్ని కిలోలు ఏరారంటావ్ ఇద్దరూ?" అన్నాను. వాడు బోర్డు చూసుకుని, తల గోక్కుని, "అంత పత్తి ఎవలు ఏరుతరు టీచర్" అని తనే తుడిపేశాడు. పది కిలోలు ఒక మూటగా కట్టి పదుల పక్కన పెట్టాలని చెప్పగానే వాడికి ఎక్కేసింది, 'చేతిలో ఒకటి' అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని లెక్క.

అందుకే బడికి పంపేటప్పుడు టీచర్‌కు "వీడికి ఏమీ రాదండీ" అని అప్పజెప్పకండి. వీడికి కోళ్ల గురించి తెలుసు, వీడు తాతకు మందులు టైముకు ఇస్తాడు, వీడు బండి స్పానర్లు నంబర్ చూసి అందిస్తాడు, ఇలాంటివి చెప్పండి. మాకు అవే కావాలి. అక్కణ్నుంచే మొదలుపెడతాం.

స్నేహితుల సంగతి మర్చిపోయేటట్టున్నాను. తిరిగి వచ్చే పిల్లల అసలు భయం చాలావరకు పాఠం కాదు, నా పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది. మీ వీధిలో అదే క్లాసు పిల్ల ఒక్కరు దొరికినా చాలు, సెలవులు అయ్యేలోపు ఇద్దరినీ కలిపి ఆడుకోనివ్వండి, మొదటిరోజు ఇద్దరినీ కలిపే పంపండి. సాయంత్రం ఇంటికి రాగానే "ఇవాళ ఏం చెప్పారు?" అని కాకుండా ఎవరితో తిన్నావు, ఎవరు ఎగ్గొట్టారు, ప్రేయర్‌లో ఎవరు నవ్వారు, ఇలా అడగండి. గేటు దగ్గర ఏడిస్తే దొంగచాటుగా జారుకోకండి, ఎన్నింటికి వస్తారో చెప్పి, ఆ టైముకు రండి.

ఇక కాగితాల గొడవ. ఇంట్లో చదువుకున్న పిల్లను ఏ తరగతిలో వేస్తారని చాలామంది అడుగుతున్నారు. విద్యా హక్కు చట్టం, 2009, నాలుగో సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటి బడిలో లేని పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, మిగతావాళ్లను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు పిల్లకు ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్లను తీసుకెళ్లి ఒకటో తరగతి పసిపిల్లల మధ్య కూర్చోబెట్టడానికి ఒప్పుకోకండి. పాత బడివాళ్లు ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వకుండా తిప్పుకుంటుంటే దానికోసం ఏడాది పోగొట్టుకోవద్దు, సర్కారు బడిలో చేరడానికి టీసీ ఆలస్యం అడ్డం కాదని అదే చట్టం ఐదో సెక్షన్‌లో ఉంది. పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదని కూడా వెనక్కి పంపకూడదు. అయినా పంపితే మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్లండి. నోటిమాటగా అడిగితే చూద్దాం లెండి అంటారు, కాగితం మీద రాసి ఇచ్చి, ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి.